నిండు పీపాలో ముంచిన ఉలి

బాలస్వామికి పుస్తకంలో రానిదంటూ లేదు. ఏ ఉక్కును ఏ రంగు దాకా కాల్చాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. కానీ కర్నూలు పాలిటెక్నిక్‌లో ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష నోటితో నెగ్గేది కాదు. సొంతంగా ఉలి చేసి, దానితో ఇనుప కడ్డీకి గాటు పెట్టి చూపించాలి. తప్పితే డిప్లొమా లేదు. ఓర్వకల్లు దగ్గర రాళ్ళు కొట్టే వాళ్ళమ్మ విశ్వాసమ్మ పక్కన కూర్చుని తనూ రాళ్ళు కొట్టుకోవాల్సిందే.

ఉలిని సాగగొట్టాడు. మొన తీర్చాడు. కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే చుయ్‌మని ఆవిరి లేచింది. తీరా ఆకురాయి పెట్టి రుద్దేసరికి పొడి రాలింది. గట్టిపడిన ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి. ఈ ఉలి మెత్తగానే ఉండిపోయింది.

మూడేళ్ళు పని నేర్పిన మేస్త్రీ హనుమన్నకు తప్పెక్కడో తెలిసిపోయింది. పరీక్షలో నోరు విప్పకూడదు గనుక మీసం కొరుక్కుంటూ నిలబడ్డాడు.

కోస్తా నుంచి వచ్చిన పరీక్షాధికారి గడియారం చూసుకున్నాడు. "ఇంకా ముప్పావుగంట ఉంది. ఎందుకు చెడిందో చెప్పగలిగితే మళ్ళీ చెయ్యి. లేదంటే వెళ్ళిపో."

కాల్చిన రంగు సరైనదే. ఉక్కూ మంచిదే. మరెక్కడ? బాలస్వామి చూపు తను ఉలి ముంచిన రేకుడబ్బా మీద పడింది. అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు, ఇంకా పొగలు కక్కుతున్నాయి.

"నీళ్ళు చాల్లేదు సార్. రోంత నీళ్ళే గదా, వేడెక్కిపోయినాయి. ఉక్కు బిరీన చల్లారలే."

"పక్కనే పీపా నిండా నీళ్ళుంటే డబ్బాలో పోసుకోవడమేమిటయ్యా?"

"ఇనుము ముంచితే ఆ నీళ్ళు ఇంగ తాగేకి పనికి రావు సార్. మా యమ్మ కడవ నీళ్ళకు రెండు మైళ్ళు పోతాది. చెయ్యి రాలే."

తోటివాళ్ళు కిసుక్కుమన్నారు. హనుమన్న ఇక ఆగలేకపోయాడు. "ఏమప్పా, నగుతారా? కడవ మోసినోనికి తెలుస్తాది!"

పరీక్షాధికారి నవ్వలేదు. "ఈ నీళ్ళు ఉక్కు కోసం పెట్టినవే. ముంచు."

ఉలి మళ్ళీ ఎర్రబడింది. పీపా ముందు బాలస్వామి ఒక్క క్షణం ఆగాడు. ప్రభువా అనుకుని ముంచి, అటూ ఇటూ కలియదిప్పాడు. ఈసారి ఆకురాయి సర్రున జారింది. ఇక పెళుసుతనం పోగొట్టడానికి మొనను గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, వెనకవైపు సెగ చూపించాడు. ఆ వేడికి పుట్టిన రంగు మొన దాకా పాకి ఊదాకు తిరగ్గానే ఇంకోసారి ముంచాడు.

కడ్డీ మీద పెట్టి మూడు దెబ్బలు వేశాడు. గాటు లోతుగా దిగింది. ఉలి మొన ఎక్కడా మడత పడలేదు, పెచ్చు లేవలేదు. పరీక్షాధికారి వేలితో తడిమి చూసి, కాగితం మీద 'పాస్' అని రాసి, పక్కవాడి దగ్గరకు వెళ్ళాడు.

బాలస్వామి కదల్లేదు. హనుమన్న దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"పాసైనావు గదప్పా, యాల ఏడుస్తాండావు?"

"ఏం ల్యా మేస్త్రీ," అన్నాడు వాడు, మసి చేత్తోనే కళ్ళు తుడుచుకుంటూ. "మా యమ్మ ఇంగ ఎండలో కూచ్చోనక్కర్లే."