గిఫ్ట్ కార్డు కుర్చీ

"ఈమధ్య ఆన్‌లైన్‌లో ఏమైనా కొన్నావా?"

ఆమె మాడిన గిన్నె తోముతోంది. స్టవ్ మీద పాలు పెట్టి టీవీ ముందు కూర్చుని మరిచిపోయింది అత్తగారు. మాట మాత్రం కోడలికే పడింది, మంట తగ్గించి వెళ్ళాల్సింది నువ్వే కదా అని. భర్త వంటింటి గుమ్మంలో నిలబడి అడుగుతున్నాడు. అతను ఆ గుమ్మం దాకా వచ్చాడంటే ఏదో వస్తువు కనబడకుండా పోయి ఉండాలి, లేదా ఎవరినో ఒకరిని అనాల్సిన అవసరం వచ్చి ఉండాలి.

"కుర్చీ కొన్నాను కదండీ, బాల్కనీలోకి."

"దేంతో కొన్నావు?"

"లాండ్రీలో ఇచ్చిన గిఫ్ట్ కార్డుతో. మీకు చూపించాను కూడా."

"అదీ సంగతి," అన్నాడు, తప్పిపోయిన తాళంచెవి దొరికినట్టు. "బ్యాంకువాడు లోను ఇవ్వనన్నాడు. నా క్రెడిట్ స్కోరు పడిపోయిందట. ఎందుకు పడిందో తెలియక బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. తీరా చూస్తే దొంగ ఇంట్లోనే ఉంది."

"గిఫ్ట్ కార్డు వాడితే మీ స్కోరు పడుతుందా?"

"పడక లేస్తుందా? ఎక్కడ పడితే అక్కడ నంబర్లు కొట్టేసి... అడ్రసు ఏది ఇచ్చావు?"

"మన ఇంటిదే. వస్తువు ఇంటికి రావాలి కదా."

"ఫోను నంబరు?"

"మీదే. నేను పనిలో ఉంటే ఫోను ఎత్తనివ్వరని..."

"ఇంకేం మరి," అని తల పట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయాడు. "అమ్మా, విన్నావా నీ కోడలి నిర్వాకం!"

ఆమె మళ్ళీ గిన్నె తోమసాగింది. ఇంటి అడ్రసూ అతని నంబరూ ఇచ్చిన మాట నిజం. అందుకని మిగతాది కూడా నిజమే అయి ఉంటుందని నమ్మింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమెకు అలవాటైన లెక్క అది. అతను చెప్పిన దాంట్లో ఒక ముక్క నిజమైతే చాలు, మిగతా అంతా తనే పూరించుకుని తలదించుకుంటుంది.

ఆ కార్డు కథ ఇంతే. ఆమె పనిచేసేది లాండ్రీలో. వచ్చిన బట్టల జేబులు తడిమి చూడటం, మరకలు చూసి విడదీయడం, కౌంటరులో రసీదు రాయడం ఆమె పని. రోజంతా నిలబడే ఉండాలి. కౌంటరు దగ్గర రెండు కుర్చీలున్నాయి గానీ అవి కస్టమర్ల కోసం. ఏడాది చివర ఓనరు డ్రైవర్లకు కవర్లలో డబ్బు ఇచ్చి, ఆడవాళ్ళకు మాత్రం తలా ఒక గిఫ్ట్ కార్డు ఇచ్చాడు. "మీకు షాపింగంటే సరదా కదా," అని నవ్వాడు కూడా. కార్డు మీద ఆమె పేరు లేదు. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే. అందులో ముందే వేసిన మొత్తం అయిపోతే అది ప్లాస్టిక్కు ముక్క, అంతకుమించి ఏమీ కాదు.

ఆమె కుర్చీ కొనుక్కుంది. ఇంట్లో కుర్చీలు లేక కాదు. సోఫాలో టీవీకి ఎదురుగా ఉన్న చోటు భర్తది. కిటికీ పక్కన మెత్తటి కుర్చీ అత్తగారిది. భోజనాల బల్ల దగ్గర నాలుగున్నా, అందరికీ వడ్డించి తను కూర్చునేసరికి ఎవరో ఒకరు నీళ్ళు అడుగుతారు. రానురాను వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడి తినడమే సుఖమనిపించింది. బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసే తీగ కింద ఒక మనిషి పట్టేంత చోటుంది. వీపు ఆన్చుకునే మడత కుర్చీ ఒకటి అక్కడ వేసుకుని, పని నుంచి వచ్చాక కాసేపు కాళ్ళు చాపుకోవాలనుకుంది. నీలం రంగుది వచ్చింది. మూడునాలుగు సాయంత్రాలు కూర్చుందో లేదో, దాని మీద నేరం మోపారు.

ఆ రోజే అత్తగారు దానికి 'దరిద్రపు కుర్చీ' అని పేరు పెట్టింది. మడిచి బాత్రూం తలుపు వెనక నిలబెట్టి, పైన తడి బకెట్టు బోర్లించింది. వాపసు చేసేస్తానని ఆమె అంటే, "వాపసు చేస్తే అదీ రికార్డులోకి ఎక్కుతుంది, ఇంకా పడుతుంది," అన్నాడు భర్త. ఇంటికి ఎవరొచ్చినా ఇదే ముచ్చట. "మా కోడలికి ఆన్‌లైన్ పిచ్చి. ఒక్క కుర్చీతో నా కొడుకు పరువు తీసింది," అనేది అత్తగారు. వచ్చినవాళ్ళు ఆమె తెచ్చిన టీ తాగుతూ ఆమె వైపు జాలిగా చూసేవాళ్ళు. జాలి భర్త మీద.

మరిది కూడా వచ్చాడు. అతనికి జిమ్ సామాన్ల షాపుంది. మీసం, వాచీ, బూట్లు అన్నీ కొత్తవే. షాపు సర్దుకోవడానికి అన్న లోను తీసి ఇస్తానన్నాడని, అది రాలేదని అతని బాధ. "వదినా, నీ కుర్చీ దెబ్బకి నా షాపు మూతపడేలా ఉంది," అని పెద్దగా నవ్వాడు. సోఫా నిండిపోయిందని ఆమె చేతే ఆ కుర్చీ తెప్పించుకుని, దాని మీదే కూర్చుని రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. ఆమె క్షమించమంది. నవ్వుతూనే పరవాలేదులే అన్నాడు.

ఫోనులో వెతికి చూడొచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. వెతకబోయింది. నిజంగానే వేలు అక్షరాల దాకా వెళ్ళింది. వెతికితే కూడా పడుతుందేమోనని భయమేసి ఫోను బోర్లించింది. మనిషిని ఇంట్లో కట్టేయడానికి తాడు అక్కర్లేదు, అర్థంకాని మాట ఒకటి చాలు. అతనికి క్రెడిట్ స్కోరు అనే మాట దొరికింది. బస్సు కార్డులో డబ్బు వేసుకోవాలన్నా అతన్ని అడిగేది. జీతం ఎటూ అతని ఖాతాలోకే వెళ్తుంది. ఇప్పుడు ఆదివారాలు కూడా పనికి వెళ్ళి, ఆ అదనపు డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టేది, స్కోరు బాగుచేయడానికని. అతను తీసుకునేవాడు. ఏం బాగుచేశాడో ఆమె అడగలేదు.

లాండ్రీలో ఇస్త్రీ చేసే పెద్దామెను అందరూ ఆవిరక్క అంటారు. ఆమెను ఒకసారి అడిగింది.

"అక్కా, గిఫ్ట్ కార్డు వాడితే మొగుడి స్కోరు పడుతుందా?"

ఆవిరక్క చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కిపట్టి బుస్సుమని ఆవిరి వదిలింది. "నాకేం తెలుసే? నాకూ ఇచ్చాడుగా కార్డు, నా మొగుడు లాక్కుని బూట్లు కొనుక్కున్నాడు. వాడిదేం పడలేదు. నీ మొగుడిది మరీ సుకుమారం లాగుంది."

ఆమె నవ్వింది. నవ్వినందుకు దారంతా తప్పు చేసినట్టే అనిపించింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం భర్త మెత్తగా మాట్లాడాడు. అతను మెత్తగా మాట్లాడితే ఏదో అడగబోతున్నాడని ఆమెకు తెలుసు.

"చూడు, నా పేరు మీద లోను రాదు. నీ పేరు మీద తీసుకుందాం. నీకు జీతం ఉందిగా. తమ్ముడు గట్టెక్కుతాడు."

"ఎన్నేళ్ళు కట్టాలి?"

"ఏడెనిమిదేళ్ళు. వాడే కడతాడులే."

"కట్టకపోతే?"

"నా తమ్ముణ్ణే అనుమానిస్తున్నావా?" మెత్తదనం పోయింది. "చెడగొట్టిందెవరు? చెడగొట్టినవాళ్ళు సర్దరా?"

అత్తగారు కిటికీ పక్కనుంచి అందుకుంది. "సంతకమేగా అమ్మాయ్. చెయ్యి అరిగిపోతుందా?"

ఆమెకు తన జీతం ఎంతో తెలుసు. ఏడెనిమిదేళ్ళంటే ఎన్ని జేబులు తడమాలో, కాళ్ళు ఎంత వాచాలో కూడా తెలుసు. మరిది కట్టడని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా సరేనంది. తప్పు తనదైనప్పుడు కాదనడానికి ఆమెకు నోరు రాదు. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ బాగా తెలుసు.

బ్యాంకులో లోను ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఇద్దరినీ కూర్చోమన్నాడు. ఆమెకంటే ముందు భర్తే కూర్చుని, కాగితాలు భర్తే ఇచ్చి, ఆమె వయసూ ఉద్యోగమూ భర్తే చెప్పాడు. ఆఫీసరు కంప్యూటరు చూశాడు.

"సార్, మీ పేరు మీద ఎందుకు కుదరదో మీకు చెప్పాం కదా. మీ తమ్ముడుగారి పాత లోనుకి మీరే హామీ. ఆయన కట్టడం మానేసి ఏడాది దాటింది. దాంతో మీ స్కోరు కూడా..."

"ఆఁ ఆఁ, అదొకటి ఉందిలెండి," భర్త చెయ్యి ఊపాడు, ఈగను తోలినట్టు. "ఇప్పుడు ఆవిడ సంగతి చూడండి."

"మేడమ్ పేరు మీద ఏమీ లేదు సార్. మంచీ లేదు, చెడూ లేదు. ఇంతవరకూ అప్పు అనేదే తీసుకున్నట్టు లేదు. కార్డులు ఏమైనా వాడతారా మేడమ్?"

ఆమె నోరు తెరిచింది. భర్త నవ్వేశాడు.

"ఆవిడకు కార్డులెక్కడివండీ! వాళ్ళ లాండ్రీవాడు గిఫ్ట్ కార్డు ఇస్తే ఆన్‌లైన్‌లో ఏదో కొనుక్కుంటుంది, అంతే. వాటికీ క్రెడిట్‌కీ సంబంధమేముంది? ముందే డబ్బు కట్టేసిన కార్డులాయె. ఎన్ని వాడినా ఎక్కడా ఎక్కవు. మీకు తెలియనిదేముంది!"

"అవును సార్, అవి లెక్కలోకే రావు," అని కుర్రవాడు కూడా నవ్వి కాగితం ఆమె వైపు తిప్పాడు. "ఇక్కడ సంతకం పెట్టండి మేడమ్."

ఆమె పెన్ను పట్టుకుంది. మొదట కోపం రాలేదు, తడి బకెట్టు గుర్తొచ్చింది. నీలం గుడ్డ మీద బకెట్టు అంచు పెట్టిన గుండ్రటి మరక గుర్తొచ్చింది. మరకలు చూసి ఏది పోతుందో ఏది పోదో చెప్పడమే ఆమె ఉద్యోగం. ఆ ఆదివారాలు గుర్తొచ్చాయి. టీ తాగిన చుట్టాల జాలి చూపులు, తన కుర్చీలోనే కూర్చుని తన చేతే క్షమాపణ చెప్పించుకున్న మరిది గుర్తొచ్చారు. అన్నదమ్ములిద్దరికీ తెలుసు. తనే, ఆ ఇంట్లో గిన్నె మాడిన వాసన అందరికంటే ముందు పసిగట్టే మనిషి, ఇది పసిగట్టలేకపోయింది. ఎందుకంటే వాసన చూడనే లేదు. తప్పు అనగానే చేతులు చాచి అందుకుంది.

"మరి కుర్చీ?" అంది.

"ఏ కుర్చీ?" అన్నాడు భర్త.

నటించడం లేదు. నిజంగానే గుర్తు లేదు. అతని మొహంలో ఉన్నది విసుగు ఒక్కటే. ఇన్ని నెలలు ఆమె మోసింది అతనికి ఒక పూట అవసరానికి నోటికొచ్చిన మాట. ఆ మాట అతను అప్పుడే పారేశాడు. ఆమె ఏరుకుని దాచుకుంది.

పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచింది. "నేను పెట్టనండీ," అని ఆఫీసరుతో చెప్పింది, భర్తతో కాదు. లేచి బయటికి నడిచింది.

మెట్ల మీద అతను వెనకనుంచి అందుకున్నాడు. "పిచ్చెక్కిందా? నలుగురిలో నా పరువు తీస్తావా?"

"గిఫ్ట్ కార్డు వల్ల ఏమీ కాదని మీకు తెలుసు."

అతనికి అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుపడతాడేమోనని ఆమె ఒక్క క్షణం చూసింది. చూడటం కూడా దండగే.

"అదా! అమ్మ ముందు తమ్ముడి పేరు ఎలా చెప్పను? అసలే ఆవిడకి వాడంటే ప్రాణం. ఎవరో ఒకరి మీద పెట్టాలిగా. నువ్వైతే ఏమీ అనుకోవులే అనుకున్నాను."

"అనుకున్నానండీ, తప్పు నాదేనని," అందామె. బస్సెక్కి ఇంటికి వచ్చేసింది.

అత్తగారు కిటికీ పక్కనుంచి కదలకుండా అడిగింది, "సంతకం అయిందా అమ్మాయ్?"

ఆమె బాత్రూంలోకి వెళ్ళి బకెట్టు దింపింది. కుర్చీ బయటికి తెచ్చి పొడి గుడ్డతో తుడిచింది. బకెట్టు మరక పోలేదు. పోదని ఆమెకు తెలుసు. బాల్కనీలో తువ్వాళ్ళు పక్కకి జరిపి, కుర్చీ వేసి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు.

"ఆ దరిద్రపు కుర్చీ మళ్ళీ ఎందుకు తీశావు? వంట సంగతేంటి?"

"కూర్చున్నాను అత్తయ్యా."

"కూర్చుంటే?"

"కూర్చున్నాను, అంతే."

ఈలోగా భర్త వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. చేతిలో ఫోను మోగుతోంది, తమ్ముడిది. ఎత్తలేదు, ఆపలేదు. బాల్కనీ తలుపు దగ్గర నిలబడి తల్లికి వినబడకుండా గొంతు తగ్గించాడు.

"షాపులో కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ఇప్పుడు వాడికేం చెప్పమంటావు?"

ఫోను మోగుతూనే ఉంది. ఆమె లేవలేదు, తల కూడా తిప్పలేదు.

"ఇంకో కుర్చీ కొన్నానని చెప్పండి," అంది.