కూర్చునే గది

మద్యం దుకాణం వెనక గదిలో సాయంత్రాలు కూర్చునేవాళ్లలో టైలరు ఒక్కడే మందు ముట్టడు. భార్య పోయాక ఇంట్లో గోడలతో మాట్లాడలేక, సోడా నెపంతో అక్కడికి చేరాడు. వెల్డరు, బస్సు డ్రైవరు, మరో ఇద్దరు అతన్ని బాబాయ్ అనేవారు. "బాబాయ్ సోడాకే తూలుతున్నాడ్రోయ్!" అని డ్రైవరు రోజూ ఆటపట్టించేవాడు.

ఇకమీదట దుకాణాల్లో కూర్చుని తాగకుండా కొత్త చట్టం తెస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అభిప్రాయాలు చెప్పమని జనాన్ని పిలిస్తే టైలరు కూడా వెళ్లాడు.

"నేను తాగనండి. కానీ ఆ గది తీసేస్తే నాతో మాట్లాడే దిక్కుండదు" అన్నాడు.

హాలంతా నవ్వింది.

"ఇంతకీ మీరు చట్టానికి అనుకూలమా, వ్యతిరేకమా?" అని అధికారి అడిగాడు.

తాగి పడిపోయిన మొగుళ్ల కోసం దుకాణానికి వచ్చే ఆడవాళ్లు గుర్తొచ్చి టైలరు వెనక్కి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

చట్టం వచ్చింది. సీసా కొనుక్కుని ఎవరి దారిన వాళ్లు పోవడం మొదలైంది.

"మా ఇంటికి రండర్రా. అడ్డు చెప్పడానికి నాకెవరున్నారు?" అని టైలరు పిలిచాడు.

నలుగురూ వచ్చారు. గోడమీద పిన్ని ఫొటో చూసి ఎవరూ సీసా మూత తియ్యలేదు. పెళ్లిచూపులకి వచ్చినట్టు బుద్ధిగా కాసేపు కూర్చుని, "మరి వస్తాం బాబాయ్" అని లేచారు.

మర్నాడు సాయంత్రం టైలరు కుర్చీలు సర్ది, తలుపు బార్లా తీసి కూర్చున్నాడు. వీధిలో వెళ్తున్న వెల్డరు చెయ్యెత్తి పలకరించి, ఆగకుండా వెళ్లిపోయాడు.