పెద్దాయన్ని అడగాలి

ఆ ఇంట్లో తెల్లవారితే మొదట వినిపించేది కుట్టుమిషను చప్పుడు. చిన్నమ్మాయి గుడారాలు కుట్టేది. మందపాటి కాన్వాసు గదంతా పరుచుకుని ఉంటే, తల్లి దేవుడికి దణ్ణం పెట్టుకుని, గోడ తడుముకుంటూ ఒక పక్కగా నడిచొచ్చి కుర్చీలో కూర్చునేది. ఆవిడ కళ్ళకి పొరలు కమ్మాయి. ఇంకా వాయిదా వేస్తే ఉన్న కాస్త చూపూ పోతుందని, ఆ తర్వాత ఆపరేషను చేసినా లాభం ఉండదని కళ్ళ డాక్టరు తెగేసి చెప్పాడు.

"ఏమంటావమ్మా?" అని కూతురు రోజూ అడిగేది.

"పెద్దాయన్ని అడగాలి" అనేది తల్లి.

పెద్దాయనంటే తండ్రి. ఆయన పోయి రెండేళ్ళు. ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో పిల్లిని పెంచుకోవాలన్నా ఆయన్నే అడగాలి. అడిగితే గొంతు సవరించుకుని, "చూద్దాం" అనేవారు. చూద్దాం అంటే కాదని ఇంటిల్లిపాదికీ తెలుసు. వంటింటికి రెండో కిటికీ ఆ చూద్దాంలోనే కొట్టుకుపోయింది. చిన్నమ్మాయి సంగీతమూ అంతే.

గుడారాలు కొనే సఫారీ యజమాని ఓసారి, "కుట్టడమేగానీ ఒక్కరోజైనా గుడారంలో పడుకున్నారా? అమ్మగారిని తీసుకుని అడవిలో మా క్యాంపుకి రండి" అన్నాడు. తల్లి ససేమిరా అంది. చివరికి అక్కడి జీపు డ్రైవరు ఫోన్లో నచ్చచెప్పాడు.

"రండమ్మా. పెద్దాయన రోజూ సాయంత్రం కుంట దగ్గరికి వస్తున్నారు. దగ్గరుండి చూపిస్తాను."

అడవిలో తిరిగేవాళ్ళు పులిని పులి అనరు, పెద్దాయన అంటారు. అలా పిలిస్తే ఆయనకి కోపమట. ఆ సంగతి చిన్నమ్మాయికి తెలుసు, తల్లికి తెలియదు.

"అక్కడున్నారా నాయనా" అని తల్లి ఫోను పెట్టేసి, ఆయన శాలువా మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. "ఎక్కడ తిరుగుతున్నారో అనుకున్నా ఇన్నాళ్ళూ."

పెద్దాయనంటే అక్కడ పులి అని కూతురు చెప్పాలనుకుంది. చెబితే తల్లి రాదు. చెప్పకపోతే తీరా అక్కడికెళ్ళాక ఏమైపోతుందో. ఎటూ తేల్చుకోకముందే బస్సెక్కేశారు.

చెట్ల మధ్య వేసి ఉన్నది ఆమె కుట్టిన గుడారమే. లోపలి కుట్లన్నీ తనవే, అయినా పరాయింటికి వచ్చినట్టుంది. బయట తడిమట్టిలో పులి అడుగులు గుమ్మంలో పరిచిన చాప దాకా వచ్చి ఆగాయి. చాప దాటాక మనిషి పాదాల గుర్తులు, తండ్రికున్నట్టే ఎడమకాలి చిటికెన వేలు వంకర. తల్లి వంగి చేత్తో తడిమి, "ఎప్పట్లాగే చెప్పులు బయటే విడిచారు" అంది.

క్యాంపు వంటాయన టీ తెచ్చిచ్చాడు. "నిన్న పెద్దాయన వచ్చి చూసుకుని వెళ్ళారమ్మా. కుట్టు బాగుందన్నారు."

"నా ముందు ఒక్కనాడూ అనలేదు" అంది కూతురు. అనేశాక, తను ఎవరి గురించి అంటోందో తనకే అర్థం కాలేదు.

సాయంత్రం జీపు కుంట దగ్గర ఆగింది. అవతలి గట్టు మీద నిండైన పులి, నీళ్ళు తాగుతోంది.

"ఏరీ?" అంది తల్లి.

"ఎదురుగానేనమ్మా."

"పసుపుపచ్చగా ఏదో మరకలా ఉంది. అంతే." ఆవిడ సంచిలోంచి శాలువా తీసింది. "ఇంతదూరం వచ్చి ఆయన మొహం చూడకుండానే పోతానా?"

పులి తలెత్తింది. నీళ్ళకి అడ్డంపడి నడిచొచ్చి జీపు పక్కన నిలబడింది. డ్రైవరు ఇంజను ఆపి, "కాస్త ఇటు జరగండమ్మా, పెద్దాయనకి ఎండ కళ్ళలో పడుతోంది" అన్నాడు.

తల్లి చెయ్యి చాచి ఆ వీపు మీద శాలువా కప్పింది. "చిక్కిపోయారు. వేళకి తింటున్నారా? ఇదిగో, కళ్ళకి ఆపరేషను చెయ్యాలంటున్నారు. చేయించుకోనా?"

పులి గొంతు సవరించుకుంది.

"చూద్దాం" అన్నారు.

శాలువా జారకుండా మెల్లిగా పొదల్లోకి వెళ్ళిపోయారు.

అమ్మ కళ్ళు కూడా వంటింటి కిటికీ దారే పట్టాయనుకుంది చిన్నమ్మాయి. వెనక్కి వెళ్ళేటప్పుడు డ్రైవరు, "ఈమధ్య ఆయన ఆ మాత్రం కూడా మాట్లాడటం లేదు" అన్నాడు. అది ఓదార్పో కాదో ఆమెకి తెలియలేదు.

గుడారంలోకి వచ్చి కూర్చున్నాక తల్లి, "డాక్టరుకి ఫోను చెయ్యి" అంది.

"నాన్న చూద్దాం అన్నారు కదమ్మా."

"అన్నారు. చూస్తాలే అనలేదు, నువ్వు చూసుకో అనలేదు. చూద్దాం అన్నారు. అంటే ఆయనా నేనూ. నా వంతు చూపు నేను తెచ్చుకోవద్దా?"

కూతురు ఫోను చేతిలోకి తీసుకుంది. ఇన్నేళ్ళూ ఆయన కాదన్నారా, తామే అలా విన్నారా? తర్వాత డాక్టరు నంబరు నొక్కింది.

ఆపరేషనై, కట్టు విప్పిన రోజున తల్లి గోడ తడుముకోకుండా వంటింట్లోకి నడిచింది. పొగపట్టిన గోడని చాలాసేపు చూసింది.

"మేస్త్రీని పిలిపించు. ఇక్కడ కిటికీ పెట్టించాలి."

"పెద్దాయన్ని అడగక్కర్లేదా?" అంది చిన్నమ్మాయి.

"ఎప్పుడో అడిగాం కదే. చూద్దాం అన్నారుగా."