నల్లతాడు కట్టిన రాయి

నేను ఒక రాయిని. రెండు అరచేతుల్లో ఇమిడేంత గుండ్రటి ఏటిరాయిని. ఆ పొద్దున కూడా తొకుజి నన్ను కుళాయి కింద పెట్టి, పీచు బ్రష్షుతో ఒళ్ళు తోముతున్నాడు. నీళ్ళు మంచులా ఉన్నాయి. అతని వేళ్ళ కణుపులు ఎర్రబడ్డాయి. నా చుట్టూ అడ్డంగా, నిలువుగా బిగించి, నెత్తిమీద జుట్టుముడిలా కట్టిన నల్లతాడును మాత్రం అతను విప్పడు. తడిసి ఆరేకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది.

తొకుజి ఒక పాత జపాను తోటకు కాపరి. తోట అతనిది కాదు. అందులో ఒక మూల ఉన్న చిన్న చెక్క ఇంట్లో భార్య ఫుమితో కలిసి ఉంటాడు. అతని తాత, తండ్రి కూడా ఈ తోటనే ఊడ్చారు.

నేను పుట్టింది కొండవాగులో. తొకుజి నాయనమ్మ బట్టలు ఉతకడానికి వచ్చి, నేను నచ్చి, బుట్టలో వేసుకుని ఇంటికి తెచ్చింది. ముల్లంగి ఊరవేసిన పీపా మూతమీద బరువుగా పెట్టింది. చాలా ఏళ్ళు నేను ఆ చీకటి వంటింట్లో ముల్లంగిని అణచిపెట్టి కూర్చున్నాను. గొప్ప ఉద్యోగం కాదు. కానీ దానివల్ల ఎవరికీ బాధ కలగలేదు. ముల్లంగి సంగతి నాకు తెలియదు.

తర్వాత తొకుజి తాత నన్ను బయటికి తెచ్చి ఈ తాడు కట్టాడు. ఇక్కడి తోటల్లో ఒక పద్ధతి ఉంది. దారి రెండుగా చీలేచోట, ఒక దారి మొదట్లో నల్లతాడు కట్టిన రాయిని పెడితే, ఇటు రావద్దని అర్థం. గోడ ఉండదు, తలుపు ఉండదు, కాపలావాడు ఉండడు. పిల్లి కూడా నన్ను అలవోకగా దాటిపోతుంది. మనుషులు మాత్రం ఆగుతారు. గోడలు దూకే మనుషులు, తాళాలు పగలగొట్టే మనుషులు, ఇంత చిన్న రాయి ముందు తలవంచి వెనక్కి తిరగడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

నేను కూర్చునే చోట దారి చీలుతుంది. కుడివైపు దారి కొలను గట్టుమీదుగా చెర్రీ చెట్టు దగ్గరికి పోతుంది. ఎడమవైపుది తొకుజి ఇంటికి పోతుంది. చూడవచ్చిన వాళ్ళు ఇంట్లోకి రాకుండా ఎడమదారికి నేను అడ్డం.

ఫుమి ఈ ఇంటికి కోడలిగా వచ్చాక నా తాడు మార్చే పని ఆమెది అయింది. ఆమె ఊళ్ళోవాళ్ళకు తేనీరు కాచి ఇచ్చే మర్యాదలు నేర్పేది. "తాడు గట్టిగా ఉండాలి. చూసినవాళ్ళకు మాత్రం కోపంగా కనబడకూడదు" అని శిష్యురాళ్ళకు నన్ను చూపించి చెప్పేది. నన్ను అంత అర్థం చేసుకున్న మనిషి మరొకరు లేరు.

ఆ ఫుమికి మరపు వచ్చింది. మొదట గిన్నెలు ఎక్కడ పెట్టిందీ మరిచిపోయింది. తర్వాత అన్నం తిన్న సంగతి. తర్వాత తొకుజి పేరు. రెండేళ్ళ కిందటి ఆకురాలే కాలంలో ఒకరోజు ఇంట్లోంచి నడిచివచ్చి, నేను దారిలో లేని వేళ, మోకాలిలోతు కొలనులో నిలబడిపోయింది. ఎవరూ చూడకపోతే ఇంకా లోపలికి వెళ్ళేదే.

తొకుజి ఒక సంగతి గమనించాడు. భర్త పేరు మరిచిపోయిన ఆ మనిషి నా అర్థం మరవలేదు. నేను దారిలో ఉంటే ఇంటివైపు నుంచి వచ్చి, ఆగి, వంగి నమస్కరించి, వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. ఆ రోజు నుంచి అతను నన్ను దారిలోంచి తియ్యడం మానేశాడు. పొద్దున్నే తోమడానికి తీస్తాడు, ఆమె నిద్రలేచేలోగా మళ్ళీ పెడతాడు. వచ్చేవాళ్ళను ఆపడానికి పుట్టించిన నన్ను, ఇంటిమనిషిని ఆపడానికి వాడుకున్నాడు. తోముతున్నంతసేపూ నావైపు సూటిగా చూడడు.

వసంతం దగ్గరపడితే ఫుమి రోజూ ఒకే మాట అడుగుతుంది. నా ముందు నిలబడి, చెట్టు ఉన్న వైపు చూస్తూ, "పూసిందా?"

"ఇంకా లేదు" అంటాడు తొకుజి.

పోయిన ఏడాది పూసినప్పుడు కూడా అతను అదే చెప్పాడు. రేకులు వచ్చి నా తాడుమీద రాలుతుంటే, వాటిని చేత్తో ఊడుస్తూ, "ఇంకా లేదు" అన్నాడు. ఆమె నమ్మింది. ఈ మధ్య ఇంటికి వచ్చిన నర్సు, వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగి అతనితో అంది: "వచ్చే వసంతానికి ఆవిడ ఈపాటి నడవలేరండి. చూపించేదేమైనా ఉంటే ఈసారే చూపించండి." తొకుజి తల ఊపాడు. మర్నాడు నన్ను మళ్ళీ అక్కడే పెట్టాడు. కొలను అంటే అతనికి అంత భయం.

ఇదిగో, ఆ పొద్దున కూడా అలాగే తోమి పెట్టాడు. కాసేపటికి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు, తల్లీ కూతుళ్ళు. రాయికి ఏ భాష అయినా ఒకటే, పాదాల బరువును బట్టి మాట అర్థమవుతుంది. కూతురు పేరు ఇందు, నిండు గర్భిణి. భర్త ఇక్కడి ఫ్యాక్టరీలో పని చేస్తాడు. తల్లి మాణిక్యాంబ పురుడు పొయ్యడానికి గోదావరి ఒడ్డునుంచి వచ్చింది.

"ఇదేంటే ఇందూ, టిక్కెట్టు కొనుక్కుని ఎండుకొమ్మలు చూడ్డానికి తీసుకొచ్చావా? వీటికంటే మన దొడ్లో మునగచెట్టు నయం."

"కొన్నాళ్ళాగితే పూస్తాయమ్మా. అప్పుడు జనం తోసుకుంటారు. నాకప్పటికి నెలలు నిండిపోతాయి. కనీసం చెట్టయినా చూద్దామని వచ్చాను."

"చూశాంగా. ఇంక ఇంటికి పోయి పడుకో."

ఇందు నవ్వి ఎడమవైపు అడుగు వెయ్యబోయింది. తల్లి చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"ఆగు! దారికడ్డంగా ఎవరో దిష్టి తీసి పడేశారు. నల్లతాడు కనపట్టంలేదా? కడుపుతో ఉన్నదానివి, దాటకూడదు."

"ఇక్కడోళ్ళకి దిష్టీ గిష్టీ ఉండవమ్మా."

"కళ్ళున్నాయిగా వీళ్ళకి? కళ్ళుంటే దిష్టీ ఉంటది."

"దిష్టిరాయికి ఎవరైనా ఇంత ముచ్చటగా ముడి వేస్తారా?"

"ముచ్చటపడి ముట్టుకున్నావంటే ఊరుకోను."

మాణిక్యాంబ గొడుగు కొనతో, చేతికి తగలకుండా, నన్ను పక్కకు నెట్టింది. నేను రెండు దొర్లులు దొర్లి, ముడి కిందికి, వీపు పైకి, నాచులో పడ్డాను. ఇన్నేళ్ళలో నన్ను చూసి భయపడినవాళ్ళు లేరు. గౌరవించినవాళ్ళున్నారు, ఫోటో తీసుకున్నవాళ్ళున్నారు. ఆమె మాత్రం నన్ను నిజంగా నమ్మింది, ఎటొచ్చీ వేరే రకంగా. తర్వాత తోటలోని రాతితొట్టి దగ్గరికి వెళ్ళి, వెదురు గరిటెతో కాళ్ళమీద నీళ్ళు పోసుకుంది.

"అమ్మా! అది చేతులు కడుక్కునే నీళ్ళు!"

"చేతులు కడిగితే కాళ్ళకంటింది పోద్దా?"

వాళ్ళు కుడిదారిన చెట్టు దగ్గరికి వెళ్ళి, కింద ఉన్న బల్లమీద కూర్చున్నారు.

అప్పుడు ఫుమి వచ్చింది. కాళ్ళకు తెల్ల మేజోళ్ళే, చెప్పులు లేవు. రోజూ ఆగే చోటే ఆగింది. నమస్కరించడానికి నడుము వంచింది, సగంలో ఆపింది. నేను లేను. నాకోసం నేలంతా వెతికింది. నేను ఆమె పక్కనే, నాచులో తలకిందులుగా ఉన్నాను. ఆమె కళ్ళు నామీదుగా పోయాయి, గుర్తుపట్టలేదు. తాడుముడి కనబడకపోతే నేను మామూలు రాయినే కదా.

దారి తెరిచి ఉంది. ఆమె నడిచింది.

గట్టుమీద నీటికి దగ్గరగా ఆగి, లోపలికి తొంగిచూసింది. నాకు నోరు లేదు. ఉంటే ఏమని అరిచేదాన్నో ఈనాటికీ తేల్చుకోలేదు. ఆమె తల ఎత్తింది. ఎదురుగా చెట్టు కనబడింది. అంతే, మిగిలిన దారంతా తడబడకుండా నడిచింది.

"అయ్యో, ఒట్టి కాళ్ళతో వచ్చేశారేంటండీ!" అని మాణిక్యాంబ లేచి, తన శాలువా తీసి ఆమె భుజాలమీద కప్పింది. ఫుమి ఆమెను చూడలేదు. ఇందు పొట్టవైపు చాలాసేపు చూసింది. తర్వాత ఇందు చెయ్యి పట్టుకుని, కిందికి వంగిన కొమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, వేళ్ళను ఒక మొగ్గమీద పెట్టింది. దూరానికి ఎండుకొమ్మే. వేళ్ళకు మాత్రం బిగుసుకున్న మొగ్గ తగులుతుంది.

"ఇంకా లేదు" అంది ఫుమి.

రోజూ తొకుజి ఆమెకు చెప్పే మాటే. అతని నోట అది తలుపు మూసినట్టుండేది. ఆమె నోట శుభవార్తలా ఉంది. ఇందు కళ్ళు నిండాయి.

చీపురు పారేసి తొకుజి పరుగెత్తుకొచ్చాడు. నేను లేని చోటు చూశాడు. భార్యను వెతకలేదు, నేరుగా గట్టు దగ్గరికి పోయి, మోకాళ్ళమీద కూలబడి నీళ్ళలోకి చూశాడు. తర్వాత చెట్టు కింద మాటలు వినబడి తల తిప్పాడు.

"ఏవయ్యా, పెద్దావిణ్ణి ఇలా వదిలేస్తారా? నీకు ఇంతకంటే ఏం పని?" అని మాణిక్యాంబ తెలుగులోనే చీవాట్లు పెట్టింది. అర్థం కాకపోయినా అతను వంగి క్షమాపణ చెప్పాడు.

ఇందు జపాను భాషలో మెల్లగా అడిగింది: "పూసే రోజుకి నేను రాలేనండీ. ఈవిడ చూస్తారు కదా?"

తొకుజి భార్యవైపు తిరిగాడు. ఫుమి ఇంకా కొమ్మ పట్టుకునే ఉంది.

సాయంత్రం అతను నన్ను నాచులోంచి తీసి ఇంటికి తెచ్చాడు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే కుళాయి కింద పెట్టాడు. తోముతూ తోముతూ ఆగాడు. బ్రష్షు పక్కన పెట్టి, గోళ్ళతో తాడుముడి విప్పడం మొదలుపెట్టాడు. బిగుసుకుపోయిన ముడి, చాలాసేపు పట్టింది. తాడు ఊడిపోయాక నామీద అది ఉన్నంతమేరా తెల్లటి చారలు కనిపించాయి. వాటిని బొటనవేలితో రుద్ది చూశాడు, పోలేదు.

వంటింట్లోకి తీసుకెళ్ళి, ముల్లంగి పీపా మూతమీద పెట్టాడు. ఇప్పుడిక ఎవరైనా తోటలోంచి నేరుగా ఇంటి ముంగిటికి రావచ్చు. రానీ అనుకున్నాడేమో.

తర్వాత గుమ్మం ముందు ఫుమి చెక్కచెప్పులు, ముక్కులు బయటివైపు తిప్పి పెట్టాడు. వాటి పక్కన, వెంట నడవడానికి, తనవి పెట్టుకున్నాడు.

పీపా మీదనుంచి నాకు గుమ్మం కనబడుతుంది. ఫుమి లోపలినుంచి వచ్చింది, మాణిక్యాంబ శాలువా కప్పుకునే ఉంది. చెప్పులవైపు చూసింది. ఒక్కొక్క పాదమే పెట్టింది. తొకుజి గోడవారగా నిలబడ్డాడు. ఆమె అతన్ని పూసిందా అని అడగలేదు. గుమ్మం దాటి, తెరిచి ఉన్న దారిలోకి వెళ్ళిపోయింది.