చిన్నోడి బెల్టు

లాయరమ్మ బల్ల మీద గుడ్డసంచీ బోర్లించి, సీట్ల మేస్త్రి దర్జాగా వెనక్కి వాలాడు. బడి ఎగ్గొట్టిన వయసులోనే సూది పట్టిన మనిషి. ముప్పయ్యేళ్లుగా బస్సుల సీట్లకు కవర్లు కుడుతున్నాడు.

సంచీలోంచి జారిపడింది తమ్ముడి బెల్టు. ఆ తమ్ముడు ఇంటిల్లిపాదికీ చిన్నోడే. లిఫ్టులు బాగుచేసేవాడు. నాలుగు నెలల కిందట ఆరో అంతస్తులో పనిచేస్తుండగా పడిపోకుండా నడుముకు కట్టుకున్న ఈ బెల్టు తెగి, కిందపడి చనిపోయాడు. బెల్టు సరిగా పెట్టుకోలేదు, తప్పు అతనిదే అని కంపెనీ ఒక కాగితం రాసి పారేసి చేతులు దులుపుకుంది. పెద్ద కంపెనీలకు కాగితాలకేం కరువు! చెప్పులు, టిఫిను డబ్బాతో పాటు బెల్టును కూడా ఇంటికి పంపేసిన గుమస్తా ఎవరో గాని, వాడి పుణ్యమే ఈ కేసు.

లాయరమ్మ బెల్టును అటూ ఇటూ తిప్పింది. "తెగిందన్నారు కదండీ?"

"తెగింది. నేనే కుట్టేశాను. చూడండమ్మా, ఇప్పుడు ఏనుగును కట్టి వేలాడదీసినా ఊడదు."

లాయరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మేస్త్రిగారూ, మన కేసంతా ఆ చిరుగేనండీ!"

"అంటే?"

"మనిషి పోయాడని చెప్తే కోర్టుకి చాలదు. కంపెనీ చెయ్యాల్సింది చెయ్యలేదు, అందుకే పోయాడు అని మనం చూపించాలి. పాడైపోయిన బెల్టు ఇచ్చారనడానికి మన చేతిలో ఉన్నది ఇదొక్కటే."

మేస్త్రి ముఖం పాలిపోయింది. పక్క కుర్చీలో ఉన్న మరదలి వైపు చూడలేకపోయాడు. చిన్నోడి భార్యగా దావా వేసింది ఆమే. "తెగినదాన్ని ఎదురుగా పెట్టుకుని ఊరుకోలేకపోయానమ్మా. చిన్నప్పట్నుంచీ వాడు చింపడం, నేను కుట్టడం..."

ఆ అమ్మాయి కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే నవ్వింది. "మా బావగారంతే లాయరుగారూ. ఎవరూ ఆపకపోతే కిటికీ తెరల్ని గోడకి కలిపి కుట్టేస్తారు."

"నువ్వుండమ్మా. ఇప్పుడే విప్పేస్తాను. ఎవడికి తెలుస్తుంది?" అని మేస్త్రి జేబులోంచి బ్లేడు తీశాడు.

"ముట్టుకోకండి!" లాయరమ్మ బెల్టును తన వైపు లాగేసుకుంది. "దాచామని తేలితే ఉన్నది కూడా పోతుంది. ఒక్క మాట చెప్పండి. చిరిగిన కొసలు కత్తిరించారా?"

"షాపులో అయితే కత్తిరించి, కొసలు కాల్చి, అప్పుడు కలుపుతాం. లేకపోతే అతుకు నిలవదు. కానీ ఇది..." మేస్త్రి బ్లేడు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "వాడిది కదా. కత్తెర ఆడలేదు. కొసలు అలాగే ఉంచి, పైనా కిందా కొత్త పట్టీ వేసి కుట్టాను."

"మరి ఏనుగన్నారు?" అంది మరదలు.

"నేనేదో అంటే నువ్వు నమ్మేయడమేనా?"

లాయరమ్మ మొదటిసారి నవ్వింది. "అయితే బతికిపోయాం. ఇదే మాట జడ్జిగారి ముందు చెప్పండి."

వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి మేస్త్రి బోనెక్కాడు. కంపెనీ లాయరు కోటు నలగకుండా నవ్వాడు. "చూశారుగా సార్, సాక్ష్యాన్ని అన్నగారే కుట్టి తెచ్చారు!"

"కుట్టింది నిజమే సార్," అన్నాడు మేస్త్రి. "కింద ఉన్న చిరుగు మాత్రం నేను చేసింది కాదు."

అందరి ఎదుటా విప్పమన్నారు జడ్జిగారు. మేస్త్రి బ్లేడు అందుకున్నాడు. తాను కుట్టిన ఒక్కో కుట్టూ బ్లేడుతో తెంపుతుంటే చిన్నోడు మళ్లీ చేజారిపోతున్నట్టు అనిపించింది. పట్టీ ఊడింది. తెగిన దారాలు కుచ్చులా బయటికొచ్చాయి. ముప్పాతికకు పైగా గ్రీజు పట్టి నల్లగా ఉన్నాయి. ఒక అంచున కాసిని మాత్రం తెల్లగా ఉన్నాయి.

"ఈ నల్లవి ఎప్పుడో తెగిపోయాయి సార్. తెగిన కొసల్లోకి గ్రీజు ఇంతలా దిగాలంటే నెలలు పడుతుంది. ఆ రోజు తెగినవి ఈ తెల్లవే." మేస్త్రి చిటికెన వేలు చూపించాడు. "మావాడు ఇంత పట్టీని నమ్ముకుని వేలాడాడు సార్."

కంపెనీ లాయరు నవ్వడం మానేశాడు. జడ్జిగారు బెల్టును నిపుణులకు పంపమన్నారు. ఆ కంపెనీ బెల్టులు ఎప్పుడెప్పుడు మార్చిందో ఆ రిజిస్టర్లన్నీ పట్టుకురమ్మన్నారు.

బెల్టు తీసుకోవడానికి కోర్టు గుమస్తా కవరు పట్టుకుని వచ్చాడు. మేస్త్రి చెయ్యి కాలరు వెనక గుచ్చి ఉంచిన సూది మీదికి వెళ్లింది. "కొసలు రాలిపోతాయండీ. రెండే రెండు కుట్లు వేసి ఇస్తాను."

మరదలు బోను దగ్గరికి వచ్చి అతని చొక్కా చెయ్యి పట్టి ఆపింది. "వద్దు బావగారూ. మీరిక కుట్టొద్దు. అందరినీ చూడనివ్వండి."

మేస్త్రి ఆ చిరుగును ఒకసారి బొటనవేలితో నిమిరాడు. తర్వాత రెండు చేతులతో అందించాడు.