మోగిన కేసెట్

రాత్రి డ్యూటీ చేసొచ్చిన ఇంజన్ డ్రైవర్ పగలు పడుకుంటే ఆ రైల్వే క్వార్టర్లో గిన్నె చప్పుడవకూడదు. చెంచా పడినా పైడిరాజు లేచి ఇల్లు పీకి పందిరేసేవాడు. అందుకే అతని కూతురు సౌభాగ్య, గోల్ బజార్లో అద్దెకు తెచ్చిన వీడియో గేమ్ కేసెట్‌ను ఊపిరి బిగబట్టి బాగుచేస్తోంది.

కేసెట్‌లోకి ఊదింది. లోపలి రాగి పళ్లను రబ్బరుతో రుద్దింది. అయినా టీవీలో బొమ్మ రాలేదు. ఆ ధ్యాసలో నాన్న నిద్ర మరిచిపోయి, కనీసం శబ్దమైనా వస్తుందేమోనని సౌండ్ పూర్తిగా పెంచి, కేసెట్‌ను గేమ్ పెట్టెలో గట్టిగా నొక్కింది.

ఆట సంగీతం ఇల్లదిరేలా మోగింది.

చటుక్కున కేసెట్ పీకేసి, తిట్ల కోసం కళ్లు మూసుకుంది. తిట్లు రాలేదు. గదిలో మంచమైనా కిర్రుమనలేదు.

ఆమె కేసెట్‌ను మళ్లీ పెట్టి, కావాలనే మోగించింది.

"నాన్నా, ఓపాలి తిట్టు నాన్నా!"