దొప్పలో నాలుగు చుక్కలు

కనక ఎడమచేత్తో బిడ్డను రొమ్ముకు అదిమిపట్టుకుని, కుడిచేత్తో అడ్డాకుల దొప్ప కుడుతోంది. ఆకుమీద ఆకు పరచడం, వెదురుపుల్ల గుచ్చడం, మిగిలింది పంటితో తుంచడం. ఇరవయ్యేళ్ళుగా ఇదే పని. అనంతగిరి సంతలో సగం మంది తినేది ఆమె కుట్టిన దొప్పల్లోనే. ఆమె పేరు మాత్రం ఒక్కడికీ తెలియదు.

నలభై దాటిన మనిషి. చివరి కాన్పు జరిగి పన్నెండేళ్ళయింది. కూతురు ఈశ్వరమ్మ పురిట్లోనే పోయి పదకొండు రోజులు. అల్లుడు గాసిని, కొండ ఊళ్ళమీద పెత్తనం చేసే ముఠాదారు రోడ్డు పనికి తోలుకుపోయాడు. కూతురిదంటూ మిగిలింది ఈ పిడికెడు పసిగుంట ఒక్కటే. మేకపాలు పోస్తే సగం కక్కేస్తోంది. ఏడుపు కూడా సన్నబడిపోయింది, కనక భయమంతా అదే.

"ఎండిన సన్నయినా నోట్లో ఎట్టు. సీకే నోరుంటే పాలు అయ్యే దిగుతాయి," అంది మంత్రసాని సోములమ్మ. ఊరు ఊరంతా నవ్వింది. కనక నవ్వలేదు, పెట్టింది. పది రోజులు, రాత్రీ పగలూ. మొన్నటి నుంచి రొమ్ములు సలుపుతున్నాయి. నిన్న కాస్త తడి తగిలింది. చెమటో ఏమో, ఎవరికి చెప్పుకుంటుంది?

కొండ కింద గెడ్డవాగు పొంగు తగ్గగానే ఇవాళ గాసి అక్క సుక్రి వచ్చింది. చంకలో ఏడాది కొడుకు, రైకలేని గుండెలమీద ఎండిన పాలచారలు. బిడ్డను అందుకోబోతే కనక ఇవ్వలేదు.

"నానట్టుకెల్తానత్తా. ముసిల్దానివి, నీకాడ పాలేటి?"

"ఉన్నాయి," అనేసింది కనక.

"అయితే పొద్దు గుంకేలోగా దొప్పలో పిండి సూపించు."

ఆ ఊళ్ళో ఆనవాయితీ అది. ఒళ్ళో పాలు తాగే సొంత బిడ్డ లేని ఆడది పాలివ్వాలంటే ముందు దొప్పెడు నీళ్ళలో నాలుగు చుక్కలు పిండి చూపించాలి. నీళ్ళలో కలిసిపోతే మంచి పాలు, తేలితే పనికిరావు. చుక్కే రాకపోతే ఇక మాటే లేదు.

కనక లేతాకులు ఏరి కొత్త దొప్ప కుట్టింది. పుల్ల రెండుసార్లు విరిగింది. నీళ్ళు పోసి పిండింది. ఏమీ లేదు. మళ్ళీ పిండింది. నొప్పికి కళ్ళలో నీళ్ళొచ్చాయి గానీ రావలసినచోట రాలేదు.

"బయం ఒగ్గీయే. బయానికి పాలు దిగవు," అని గొణిగింది సోములమ్మ. వదిలేయమంటే పోయేది భయమెలా అవుతుంది! పొద్దు కొండ వెనక్కి జారుతోంది. పాలవాసన తగిలి బిడ్డ తల సుక్రి వైపు తిరిగింది.

"బేగి, అత్తా. సీకటడితే గెడ్డ దాటలేను."

కనక దొప్పను గుమ్మం ముందు పెట్టింది. బిడ్డను గుడ్డలో చుట్టి తానే అందించింది.

"మెడ కింద సెయ్యెట్టుకో," అంది.

సుక్రి కొండ దిగింది. దారి వంపు తిరిగాక బిడ్డ ఏడ్చింది, పుట్టాక ఎన్నడూ ఏడవనంత గట్టిగా. కనక రొమ్ములు జివ్వుమన్నాయి. చీర తడిసింది. ఈసారి చెమట కాదు.

సోములమ్మ చూసింది. "ఓలమ్మో! కేకెయ్యనా? ఇంకా గెడ్డకాడే ఉంటాది."

కనక కూడా నోరు తెరిచింది. అంతలో దిగువన ఏడుపు ఠక్కున ఆగిపోయింది. బిడ్డ నోటికి నిండు రొమ్ము అందింది.

"వద్దప్పా," అంది కనక. "తాగనీ."

అని గుమ్మంలో కూలబడి, కడుపు పట్టుకుని ఏడ్చింది. వంగి ఏడుస్తుంటే చుక్కలు ఒకటొకటే దొప్పలో పడ్డాయి. అందులో నీళ్ళు మెల్లగా తెల్లబడ్డాయి.